ఉప్పు జాడీ చెప్పే గడువు

మా ముదినేపల్లిలో ముసురు పట్టిన సంగతి అందరికంటే ముందు ఉప్పు జాడీకి తెలుస్తుంది. పొద్దున్నే మూత తీస్తే కల్లుప్పు అడుగున నీరు ఊరి ఉంటుంది. మెత్త ఉప్పు డబ్బాలో చెంచా దిగదు. మధ్యాహ్నం వేయించిన వడియాలు సాయంత్రానికి సాగుతాయి. అగ్గిపుల్ల గీస్తే మందు రాలుతుంది తప్ప మంట రాదు. ఉత్తరాన కొల్లేరు, ఊరి చుట్టూ చేపల చెరువులు, చెరువులు తవ్వగా మిగిలిన వరి చేలు, వాటి మధ్య పంట కాలువలు. ఎటు తిరిగినా నీళ్ళే. జూన్ నుంచి నవంబరు దాకా పీల్చే గాలిలోనూ నీళ్ళే.

ఉప్పు చెమ్మగిల్లడానికి కచ్చితమైన లెక్క ఒకటుంది. శుద్ధమైన ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ 75 శాతం లోపు ఉన్నంతకాలం పొడిగానే ఉంటుంది. అది దాటిందా, గాలిలోని నీటిని లాక్కుని తానే అందులో కరగడం మొదలుపెడుతుంది. ఎండాకాలమైనా చలికాలమైనా ఈ 75 పెద్దగా కదలదు. అందుకే తేమ కొలిచే పరికరం సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చుకోవడానికి, దాన్ని తడి ఉప్పుతో పాటు ఒక డబ్బాలో పెట్టి మూసేస్తారు. కొన్ని గంటలకు అది 75 చూపించాలి. మన కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా కలిసి ఉంటాయి గనక అది ఇంకా ముందే నీరు కారుతుంది. మొత్తానికి వంటింటి గట్టు మీద ఖర్చు లేని తేమ మాపకం ఒకటి అందరికీ ఉంది. విత్తనాల ప్యాకెట్ మీది తేదీ కంటే దాని మాటే నేను ఎక్కువ నమ్ముతున్నాను. ఎందుకో చెబుతాను.

2024 నవంబరులో, దీపావళి వెళ్ళాక, అటక మీది సామాను దించుతుంటే పాత బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికింది. నిండా విత్తనాల ప్యాకెట్లు. కొన్ని అసలు విప్పనివి, కొన్ని సగం వాడి మూతి మడిచి రబ్బరు బ్యాండు వేసినవి. వాటిని చుట్టిన సంచీ మీద ‘కృష్ణా జిల్లా’ అని అచ్చు ఉంది. మా మండలం ఏలూరు జిల్లాలో కలిసింది 2022 ఏప్రిల్ 4న; సంచీ అంతకు ముందుదే అయ్యుండాలి. ఉల్లి ప్యాకెట్ గడువు 2023తో అయిపోయింది, టమాటాది 2022తో, బీరది 2020తో. వెండి రంగు రేకు ప్యాకెట్‌లో సీలు విప్పని బెండ ఉంది, దాని గడువు 2021 ఫిబ్రవరి. డబ్బా అడుగున తేదీ లేనిది ఒకటే, పాత చీర ముక్కలో బూడిదతో కలిపి మూట కట్టిన చిక్కుడు గింజలు.

“తేదీలన్నీ దాటిపోయాయి, పారేస్తున్నా పెద్దమ్మా” అన్నాను.

“తేదీ కవరుకు రాశార్రా, గింజకు రాశారా? నానేసి చూడు” అంది.

ఆ మాటలో ఎంత సైన్సు ఉందో అప్పుడు నాకు తట్టలేదు. ఎందుకైనా మంచిదని వంటింటి కిటికీలో ఉన్న ఇంకో బెండ ప్యాకెట్ కూడా తెచ్చి పక్కన పెట్టాను. అది ఆ జూన్‌లోనే కొన్నది. పరీక్షించిన తేదీ 2024 మార్చి, గడువు డిసెంబరు దాకా. జూన్‌లో విప్పి సగం వేసి, మిగతాది మడిచి కిటికీ గూట్లో పెట్టాం. ఆ ఏడాది వానలు ఎలాంటివో ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచి, ఆ నీళ్ళన్నీ కొల్లేరులోకే దిగాయి. జులై నుంచి ఆ నాలుగు నెలలూ బెండ ప్యాకెట్ కిటికీలోనే ఉంది, పక్కనే ఉప్పు జాడీ.

పాత పంచె ముక్కలు తడిపి, నీరు కారకుండా పిండి, ఒక్కో రకం 20 గింజలు వరసగా పరిచి, చాపలా చుట్టి, స్టీలు గిన్నెలో నిలబెట్టి పైన మూత ఓరగా వేశాను. రోజూ పొద్దున కాసిని నీళ్ళు చిలకరించడం, విప్పి చూడటం. మూడో రోజున బీర గింజల మొన దగ్గర పెంకు విచ్చుకుని తెల్లటి వేరు బయటికొచ్చింది, వంకీ తిరిగిన గుండుసూది లాగా. పక్కనే కొన్ని గింజలు మెత్తబడి, నొక్కితే పాల లాంటి ద్రవం కారింది. వాటి చుట్టూ తెల్ల బూజు. బతికిన గింజను బూజు అంటలేదు. అదే గుడ్డ, అదే తడి, అరంగుళం ఎడం.

పది రోజులు ఆగి లెక్క పెట్టాను. బీర 20కి 14. టమాటా 12. ఉల్లి ఒక్కటీ లేదు. గడువు మూడున్నరేళ్ళ కిందట దాటిన రేకు ప్యాకెట్ బెండ 11. ఇంకా గడువు మిగిలి ఉన్న కిటికీ బెండ 7.

ఈ చివరి రెండు అంకెలు చూసి గంతులేయబోయి ఆగాను. 20 గింజల పరీక్షలో 11 వచ్చిందంటే అసలు మొలక శాతం 35 కావచ్చు, 75 కూడా కావచ్చు. విత్తన ప్రయోగశాలల్లో ఒక్కో రకానికి వందేసి చొప్పున నాలుగు వరసలు, మొత్తం 400 గింజలు పెట్టేది అందుకే. మా డబ్బాలో అన్ని గింజలు లేవు. కాబట్టి నా పంచె ముక్క పరీక్ష దేన్నీ రుజువు చేయదు. కానీ అది చూపించిన దారి మాత్రం శాస్త్రవేత్తలు ఎప్పుడో కొలిచి పెట్టిన దారే.

ముందు ఆ తేదీ సంగతి. మన దేశంలో విత్తనాల అమ్మకానికి ఆధారం 1966 నాటి విత్తన చట్టం. దాని ప్రకారం నోటిఫై చేసిన రకాలకు కనీస మొలక శాతం ఇంత ఉండాలని ఉంది: వరికి 80, టమాటా, వంగ, ఉల్లికి 70, బెండకి 65, మిరప, బీర, కాకర లాంటి వాటికి 60. నీలం ట్యాగు ఉన్న ధ్రువీకరణ విత్తనానికి గడువు పరీక్షించిన రోజు నుంచి 9 నెలలు. కోసిన రోజు నుంచి కాదు, పరీక్షించిన రోజు నుంచి. గడువు అయిపోయాక మిగిలిన సరుకును మళ్ళీ పరీక్షించి, ప్రమాణానికి తగ్గకపోతే ఇంకో 6 నెలలు పొడిగించుకోవచ్చని కూడా నిబంధన ఉంది. అంటే 9 నెలలకు గింజ చచ్చిపోతుందని చట్టమే అనుకోవడం లేదు. ఇన్నాళ్ళ దాకా అమ్మేవాడిది పూచీ, ఆ తర్వాత మీది, అని మాత్రమే ఆ తేదీకి అర్థం. మందుబిళ్ళల అట్ట మీది తేదీ చూసిన కళ్ళతో దీన్ని చూడటం వల్ల వచ్చిన తికమక ఇది.

పూచీకి ఇంకో షరతు కూడా ఉంది, అది అచ్చులో కనపడదు: ప్యాకెట్ విప్పకుండా, ఎండా వానా తగలకుండా ఉంచాలి. విప్పిన క్షణం నుంచి లోపలి గింజ మీ ఊరి గాలికి అప్పజెప్పినట్టే.

ఎకరాల్లో వేసే రైతుకు ఈ చట్టం ప్రాణాధారం. మొలక శాతం పడిపోతే సాలు సాలు ఖాళీ, మళ్ళీ దుక్కి, మళ్ళీ కూలి, అదును తప్పడం. రైతు గడువు దాటిన విత్తనం జోలికి వెళ్ళకూడదు, గడువు దాటినదాని మీద కొత్త స్టిక్కరు అంటించి అమ్మేవాడిని వదలకూడదు. నా మాటలన్నీ పెరట్లో పది పాదులు పెట్టుకునే వాళ్ళకి, హైదరాబాదులో మిద్దె తోట వేసుకునే వాళ్ళకి. పది బెండ మొక్కలు కావాల్సిన ఇంటికి 55 శాతం మొలకంటే ఇరవై గింజల ఖర్చు, అంతే.

ఇక గింజ లోపలికి వెళదాం. ఎండిన విత్తనం రాయి కాదు, ఊపిరి బిగబట్టిన మొక్క. కాయలో పండే చివరి రోజుల్లో అది తనలోని నీటిని వదిలేస్తూ, ఆ ఖాళీలో రాఫినోజ్ లాంటి చక్కెరలను, ఎండిపోవడాన్ని తట్టుకునే ప్రత్యేక ప్రోటీన్లను పేర్చుకుంటుంది. నీరు తగ్గేకొద్దీ ఆ చక్కెర పాకం ముదురుతుంది. ఉండ పాకం దాటి, ముదురు పాకం దాటి, చల్లారిన జీడి అచ్చులా గట్టిపడుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని గాజు స్థితి అంటారు. ఆ గాజులో అణువులు కదలలేవు. కదలనిది చెడిపోవడమూ నెమ్మదే. కొవ్వులను ఆక్సిజన్ మక్కజేయడం, కణాల పొరలు చిల్లులు పడటం, డీఎన్ఏ పోగులు తెగడం అన్నీ జరుగుతూనే ఉంటాయి గానీ నత్తనడకన.

జీడి అచ్చును వానాకాలం బయట పెడితే ఏమవుతుందో మనకు తెలుసు. గింజకూ అదే. గాలిలోని తేమను పీల్చుకుని లోపలి గాజు మెత్తబడుతుంది. మొలకెత్తడానికి చాలినంత నీరు కాదది, చెడిపోవడానికి చాలినంత నీరు. గింజ మెలకువలోకీ రాదు, నిద్రా పట్టదు. ఆ మధ్యస్థితిలో పాడవడం జోరందుకుంటుంది. బాగుచేసుకునే యంత్రాంగం పనిచేయాలంటే ఇంకా ఎక్కువ నీరు కావాలి. అది అందేసరికి, అంటే మనం విత్తేసరికి, పొరలన్నీ జల్లెడ అయిపోయి ఉంటాయి. నానగానే లోపలి చక్కెరలు, లవణాలు బయటికి కారిపోతాయి. నేను చూసిన బూజు ఆ విందుకు వచ్చినదే. ప్రయోగశాలల్లో దీన్నే పరీక్షగా వాడుకుంటారు: విత్తనాలను నానబెట్టిన నీటిలో కరెంటు ఎంత బాగా పారితే గింజలు అంత ముసలివని లెక్క. ఇంకా తొందరగా తేల్చుకోవాలంటే టెట్రజోలియం అనే రసాయనం ఉంది. 1940ల్లో జర్మనీకి చెందిన గియోర్గ్ లాకన్ దాన్ని విత్తన పరీక్షలోకి తెచ్చాడు. రంగు లేని ఆ ద్రావణంలో నానేసి కోసిన గింజను ఉంచితే బతికిన భాగం ఎర్రబడుతుంది, చచ్చిన భాగం తెల్లగానే ఉండిపోతుంది.

తేమ ఎంత చెరుపు చేస్తుందో చెప్పే సూత్రం ఒకటి అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పనిచేసిన జేమ్స్ హారింగ్టన్ పేరు మీద ఉంది. గింజలో తేమ ఒక శాతం తగ్గిస్తే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది. దాచిన చోట ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిస్తే అప్పుడూ రెట్టింపే. గింజలో తేమ సుమారు 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నంతవరకే ఇది చెల్లుతుంది, అదీ మోటు లెక్కే. అయినా మా బెండకు వేసి చూశాను. గాలి చొరని ప్యాకెట్‌లో వేసే బెండ విత్తనంలో తేమ 8 శాతం మించకూడదని నియమం. కిటికీలో ముసురు గాలి తగిలినది 12కి చేరిందనుకుందాం. నాలుగు శాతం తేడా, నాలుగు రెట్టింపులు, అంటే 16 రెట్లు. రేకు ప్యాకెట్‌లో 16 నెలలు గడిస్తే ఎంత వయసు మీద పడుతుందో, కిటికీ ప్యాకెట్‌లో ఒక్క నెలకే అంత. జులై నుంచి అక్టోబరు దాకా నాలుగు నెలలకు 64 నెలలు, అయిదేళ్ళ పైమాట. రేకు ప్యాకెట్ పరీక్ష జరిగి అప్పటికి నాలుగున్నరేళ్ళు. అంటే ‘కొత్త’ బెండే పెద్దది! లెక్క ఇంత చక్కగా కుదిరినందుకు నాకే అనుమానంగా ఉంది గానీ, అది చెప్పే దిక్కు తప్పు కాదు.

హారింగ్టన్‌దే ఇంకో సులువైన కొలత ఉంది. దాచే చోట ఉష్ణోగ్రతను ఫారన్‌హీట్‌లో తీసుకుని, గాలిలో తేమ శాతాన్ని దానికి కలపండి. మొత్తం 100 దాటకూడదు. ఆగస్టులో మా వంటింట్లో 30 డిగ్రీల సెల్సియస్, అంటే 86 ఫారన్‌హీట్. తేమ 80. మొత్తం 166. విత్తనాల పుస్తకాల్లో ఉల్లి ఏడాది, మిరప, బెండ రెండేళ్ళు, టమాటా, వంగ నాలుగేళ్ళు, దోస, బీర, గుమ్మడి నాలుగైదేళ్ళు అని పట్టికలు వేస్తారే, అవి చాలావరకు చల్లటి పొడి దేశాల్లో కట్టినవి. కొల్లేటి ఒడ్డున వాటిని యథాతథంగా నమ్మితే మోసపోతాం. అదే మన ఊరి గోంగూర గింజలు అనుమతి తీసుకుని అమెరికా పట్టుకెళ్ళిన వాళ్ళ సంగతి వేరు. చలికాలమంతా హీటర్లు తిరిగే అక్కడి ఇళ్ళలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పెదాలు పగులుతాయి. ఆ పొడి గింజకు అమృతం. ఒకే ప్యాకెట్‌ను చెరిసగం పంచుకుంటే, డాలస్ సగం ముదినేపల్లి సగం కంటే ఎక్కువకాలం బతకడం ఖాయం.

పట్టికలో వరస మాత్రం ఇక్కడా మారదు. ఉల్లి అందరికంటే ముందు పోతుంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు లారీల కొద్దీ గడ్డలు వచ్చిపడుతుంటాయి గానీ, ఆ గడ్డ వెనకనున్న నల్ల గింజ ఆయుష్షు మన వానాకాలం ముందు ఎందుకూ కొరగాదు. నూనె పాలు ఎక్కువున్న వేరుశనగ, సోయా కూడా అల్పాయుష్కులే. దోస జాతి పాదులు, టమాటా మొండివి. గింజను ఎండబెట్టడమే తప్పయిన జాతి ఇంకొకటి ఉంది. నూజివీడు మామిడి టెంక, పనస, నేరేడు, కొబ్బరి, కొబ్బరి తోటల నీడన వేసే కోకో, ఇవేవీ ఆరబెడితే బతకవు. పండ్లవైతే తిన్న వారం పది రోజుల్లో నేలలో పడాలి. కరివేపాకు గింజ కూడా పండు వలిచిన తడితోనే నాటాలి, డబ్బాలో దాస్తే దక్కదు.

మొలకెత్తని ప్రతి గింజా చచ్చినది కాదు, ఇదొకటి మరిచిపోకూడదు. ఇందులో డెల్టా రైతు మనందరికీ గురువు. సార్వా వరి కోతకొచ్చే వేళకు తుపాను పట్టి, పనల మీదే ధాన్యం మొలకలొచ్చేస్తే ఆ ఏటి కష్టం నీళ్ళపాలు. అందుకే 1925 నుంచి పనిచేస్తున్న మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో గింజకు కొన్ని వారాల నిద్ర ఉన్న రకాలకు విలువ ఎక్కువ. ఆ నిద్రే దాళ్వా నారుమడి వేళకు అడ్డం తిరుగుతుంది. కొత్త ధాన్యం నానబెట్టినా కదలదు. అప్పుడు లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్లు, నిద్ర గట్టిదైతే 10 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి, 24 గంటలు నానబెట్టి, కడిగి మండె కట్టమంటారు వ్యవసాయ శాఖ వాళ్ళు. పెరటి విత్తనాల్లో కాకరది మందపాటి పెంకు, బెండలో కొన్ని రాతిగింజలు. వాటికి ఆమ్లాలు అక్కర్లేదు. గోళ్ళు కత్తిరించే కట్టరుతో మొన దగ్గర చిన్న నొక్కు పెట్టి రాత్రంతా నానేస్తే చాలు.

పెంకు గట్టిదనానికి పరాకాష్ఠ మన తామర. కొల్లేటి పల్లెల్లో పిల్లలు తామర కాయలోని పచ్చి గింజలు వలుచుకు తింటారు. అదే గింజ ముదిరి ఎండితే నల్లటి గోళీ, సుత్తితో కొడితే ఎగిరిపోతుంది. గాలీ నీరూ దూరవు. ఈశాన్య చైనాలో ఎండిపోయిన చెరువు మట్టిలో దొరికిన తామర గింజలను అమెరికా శాస్త్రవేత్త జేన్ షెన్-మిల్లర్ బృందం పెంకు తొలిచి నానబెడితే మొలకెత్తాయి. వాటిలో ఒకదాని వయసు దాదాపు 1,300 ఏళ్ళని 1995లో ప్రకటించారు. మన దగ్గర తూర్పు చాళుక్యులు వేంగిని ఏలుతున్న కాలపు గింజ! ఆ వేంగి, ఇప్పటి పెదవేగి, కొల్లేరుకు ఎంతో దూరం కాదు. ఆ గింజల్లో వయసుతో చెడిన ప్రోటీన్లను సరిచేసే ఎంజైమ్ ఇంకా పనిచేస్తూ కనిపించింది. ఇజ్రాయెల్‌లో మసాదా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2,000 ఏళ్ళ ఖర్జూరపు గింజ 2005లో మొలిచి చెట్టయింది. అది ఎడారి పొడి చలవ.

కావాలని పాతిపెట్టిన గింజల కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు 21 రకాల గింజలు, రకానికి 50 చొప్పున, ఇసుకలో కలిపి 20 సీసాల్లో పోసి నేలలో పాతాడు. వాటిని కొన్నేళ్ళకొకటి చొప్పున తీసి విత్తుతున్నారు. 2021లో ఒకటి తీశారు, రాత్రిపూట, వెలుతురు సోకకుండా. దాదాపు 142 ఏళ్ళ తర్వాత మొలిచింది ఇంచుమించు ఒకే రకం కలుపు మొక్క. తర్వాతి సీసా 2040లో. పంటలకు ఇలాంటి పరీక్షే 2020లో నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు గుహలో మొదలైంది. వందేళ్ళు సాగుతుంది. అందులో మన పటాన్‌చెరు ఇక్రిశాట్ కూడా ఒక చెయ్యి వేసింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలు కలిపి 1,20,000కు పైగా నమూనాలు దాచిన విత్తన బ్యాంకు వాళ్ళది. అక్కడ ముందు 15 డిగ్రీల్లో, 15 శాతం తేమ గాలిలో గింజను నిదానంగా ఎండనిస్తారు. తర్వాతే 4 డిగ్రీల గదికి గానీ, మైనస్ 20 గదికి గానీ పంపుతారు. ముందు పొడి, ఆ తర్వాతే చలి. ఈ వరస తిరగేసి, చెమ్మ గింజను ఫ్రిజ్‌లో పెట్టి నిశ్చింతగా ఉండే వాళ్ళే మనలో ఎక్కువ.

చలిగది కట్టుకోలేని ఉక్కపోత దేశాలు ఏం చేయాలి? పొడి గొలుసు అని ఒక ఆలోచన ఉంది. పాలను కేంద్రం నుంచి ఇంటిదాకా చల్లగా తెచ్చినట్టు, గింజను కల్లం నుంచి నాటేదాకా పొడిగా ఉంచడం. దాని మీద డేవిస్‌కు చెందిన కెంట్ బ్రాడ్‌ఫోర్డ్ తదితరులు 2018లో రాసిన పరిశోధన పత్రంలో తెలంగాణ విత్తన శాస్త్రవేత్త కేశవులు కునుసోత్ కూడా ఒకరు. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం ‘ఇస్టా’ మహాసభ 2019లో హైదరాబాదులో జరిగింది. 2022లో ఆయన ఆ సంఘానికి అధ్యక్షుడయ్యారు. వీళ్ళ చేతిలోని ఆయుధం జియోలైట్ పూసలు. సగ్గుబియ్యంలా ఉండే పింగాణీ గుళ్ళు, వాటి నిండా నీటి అణువు మాత్రమే దూరేంత సన్నటి రంధ్రాలు. గింజలతో పాటు డబ్బాలో వేసి మూస్తే తమ బరువులో అయిదో వంతుకు పైగా నీటిని పీల్చేస్తాయి. 200 డిగ్రీలు దాటించి వేడిచేస్తే మళ్ళీ కొత్తవే.

మా పెద్దమ్మ చిక్కుడు మూటలో బూడిద చేసిన పనీ ఆ జాతిదే. పొయ్యిలోంచి తీసిన పొడి బూడిద తేమను పట్టుకుంటుంది, గింజకూ గింజకూ మధ్య సందు నింపి పుచ్చు పురుగును కదలనివ్వదు. బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి పొయ్యి పైన చూరుకు వేలాడదీయడం, ఎండిన సొరకాయ బుర్రలో గింజలు పోసి మూతి మూయడం, గుమ్మడి గింజలను పేడలో కలిపి గోడకు కొట్టడం, అన్నీ పొడి కోసం పడ్డ తంటాలే. అన్నీ సమానంగా పనిచేశాయని నేను అనను. పచ్చి పేడలో తడి ఉంటుంది, అది ఎండేలోపు గింజకు కొంత నష్టమే. కానీ పొగ తగిలే చూరు మాత్రం నిజంగా మంచి గిడ్డంగి. గ్యాసు పొయ్యి వచ్చి పొగ పోయింది, దాంతో ఆ గిడ్డంగీ పోయింది. చిక్కుడు మూట కట్టిన ఏడాది పెద్దమ్మకు గుర్తుంది, చిన్న మనవడి బారసాల, అంటే 2019. అందులో పది గింజలు నానేస్తే ఎనిమిది మొలిచాయి.

సరే, పాత గింజలు చేతిలో ఉన్నాయి, వేయాలనుకున్నారు. నేరుగా మడిలో చల్లకండి. తడిగుడ్డలో మొలక చూసి, వేరు గోరంత పెరిగేలోపే చిన్న కుండీల్లోకి మార్చండి. ముసలి గింజ బతికి ఉన్నా దాని చేవ తగ్గి ఉంటుంది. మొలక శాతం పడిపోవడానికి చాలా ముందే ఈ చేవ పడిపోతుంది. మట్టి పెళ్ళను పైకి నెట్టలేదు, నీరు నిలిస్తే ఊపిరాడదు, నారుకుళ్ళు తెగులుకు మొదట దొరుకుతుంది. గుల్లగా ఉండే మట్టి, గింజ మందమంత లోతు, రోజూ కాసిన్ని నీళ్ళు. అరపూట నీళ్ళలో నానబెట్టి, తీసి నీడన మళ్ళీ బాగా ఆరబెట్టి విత్తితే కొంత బలహీనమైన గింజలు తేరుకుంటాయి. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆర్.ఎన్. బసు 1970ల నుంచి ఈ నానబెట్టి ఆరబెట్టే పద్ధతి మీద ఎంతో పని చేశారు. చచ్చినదాన్ని మాత్రం ఏ కషాయమూ లేపదు.

పాత విత్తనం మొక్క కాపు కాయదని కొందరంటారు. మొదట్లో వెనకబడుతుంది, నిజమే. నిలదొక్కుకున్నాక దాని జాతి ఏదో కాయా అదే. ఇంకో మాట, గులాబీకో నీలానికో రంగు పూసిన గింజలు మొలవలేదని కోళ్ళకు వేయకండి, చేపల చెరువులో పారబోయకండి. ఆ రంగు వెనక తైరమ్ లాంటి శిలీంధ్రనాశక మందు ఉంటుంది. గొయ్యి తీసి పూడ్చేయండి.

దాచడానికి మా ఊళ్ళో అనువైన రోజులు ఏడాదికి పక్షమో, ఇంకాస్తో. రోళ్ళు పగిలే రోహిణి కార్తె. పడమటి గాడ్పు వీచే మధ్యాహ్నాల్లో ఉప్పు జాడీ గలగలమంటుంది. పొద్దున పదకొండు లోపు, సాయంత్రం మూడు తర్వాత ఎండలో ఆరబెట్టి, నడినెత్తి ఎండ తగలనీయకుండా తీసి, ఆ పొడి గాలిలోనే మూత బిగించేస్తే గింజకు మృగశిర వచ్చిన సంగతే తెలియదు. 2025లో అలా చేద్దామని నేనూ పెద్దమ్మా కాచుకు కూర్చున్నాం. నైరుతి మే 24కే కేరళకు వచ్చేసింది. మాకా ఏడు రోహిణి ఎండ దక్కలేదు, ఉప్పు ముందే చెమ్మగిల్లింది.

అప్పుడు బియ్యం అందుకున్నాం. అరకిలో బియ్యం మాడకుండా సన్న సెగ మీద బాగా వేడెక్కేదాకా వేయించి, వేడి మీదే గాజు సీసాలో సగానికి పోసి మూత బిగించి, చల్లారాక పైన కాగితం పొట్లాల్లో విత్తనాలు సర్ది మళ్ళీ మూసేశాం. రెండు వారాల తర్వాత బియ్యం తీసేసి, పొట్లాలను ఇంకో పొడి సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. తీసినప్పుడు సీసా చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తీయకూడదు; తీస్తే మన గాలిలోని నీరంతా గింజ మీద చెమటలా పడుతుంది. ఇవన్నీ పెద్దమ్మకు వివరిస్తూ పొట్లాల మీద ఒక్కొక్కటిగా రాశాను: ఎండబెట్టిన తేదీ, మూసిన తేదీ, బియ్యం ఎంత, నానేసినప్పుడు ఇరవైకి ఎన్ని మొలిచాయి.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒక పొట్లం తిప్పి తిప్పి చూసింది.

“అన్నీ బానే రాశావు గానీ, ఇందులో ఉన్నది బెండా, బీరా?”